సంతకాలతో మరణశిక్ష ఆగుతుందా? కువైట్‌లో నర్సుగా చేసినదాన్ని, నాకు తెలిసింది చెప్తా

"యెమెన్‌లో నిమిష ప్రియ లాంటి ఆడవాళ్ళకు మరణశిక్ష పడితే ప్రపంచమంతా సంతకాలు పెడుతుంటారు కదా, దానివల్ల నిజంగా ఏమైనా జరుగుతుందా, మన తృప్తి కోసమేనా?" అని అడిగారు. (నిమిష ప్రియ అంటే యెమెన్‌లో ఒకతన్ని చంపిందన్న కేసులో మరణశిక్ష పడిన కేరళ నర్సు.) కొన్నిచోట్ల జరుగుతుంది. గల్ఫ్‌లో ఇంటిపని చేసే ఆడవాళ్ళ కేసుల్లో మాత్రం సంగతి సంతకాల దాకా వచ్చేసరికే చాలావరకు చెయ్యి దాటిపోయి ఉంటుంది. కొంచెం పొడుగవుతుంది, ఓపిక ఉంటే చదవండి.

2013 జనవరి 9న సౌదీలోని దవాద్మీలో రిజానా నఫీక్ అనే శ్రీలంక అమ్మాయి తల నరికారు. త్రింకోమలీ వైపు మూతూరు ఆమెది, కటిక పేద కుటుంబం. 2005లో ఇంటిపనికి వెళ్ళింది. అప్పటికి ఆమెకు నిండా పద్దెనిమిదేళ్ళు లేవు, పాస్‌పోర్టులో మాత్రం 23 అని రాయించారు. వెళ్ళిన కొన్ని వారాలకే ఆ ఇంటి నాలుగు నెలల బాబు ఆమె చేతుల్లో చనిపోయాడు. పాలు పడుతుంటే గొంతుకు అడ్డం పడిందని ఆమె చెప్పింది, గొంతు నులిమిందని ఆ ఇంటివాళ్ళు అన్నారు. 2007లో శిక్ష పడింది. హాంకాంగ్‌లోని ఆసియన్ హ్యూమన్ రైట్స్ కమిషన్ వాళ్ళు చందాలు పోగుచేసి అప్పీలుకు లాయర్‌ను పెట్టారు, ప్రపంచం నలుమూలల నుంచి ఉత్తరాలు వెళ్ళాయి, శ్రీలంక అధ్యక్షుడు బతిమాలాడు. బాబు తల్లిదండ్రులు క్షమించం అన్నారు. అంతే.

అప్పుడు నేను కువైట్‌లో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో చేస్తున్నా. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసే తెలుగు ఆడవాళ్ళలో చాలామంది రాజంపేట, రాయచోటి, కోనసీమ వైపు వాళ్ళే. అదే ఏడాది వేసవిలో ఒక రాత్రి ఒక మేడమ్ బిడ్డను ఎత్తుకుని అరుస్తూ లోపలికొచ్చింది, వెనకాల పనిమనిషి, పరుగున వచ్చిందేమో కాళ్ళకు చెప్పులు కూడా లేవు, భుజం మీద బిడ్డ కక్కిన పాలు. బిడ్డ మూతి నీలంగా ఉంది. సక్షన్ పెట్టి పాలు లాగేశాక ఏడుపు మొదలైంది, ఆ ఏడుపు వింటే ఎమర్జెన్సీలో అందరికీ ప్రాణం లేచొస్తుంది. కానీ మేడమ్ డాక్టర్‌తో అరబ్బీలో "ఇదే ఏదో చేసింది" అంటూనే ఉంది. ఆ పిల్లకు అరబ్బీ నాలుగు ముక్కలు కూడా రాదు, గోడకు ఆనుకుని వణుకుతోంది. తెలుగులో "ఏ ఊరు మ్మా?" అని అడిగా. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "అక్కా, బిడ్డకేమన్నా అయితే నా తల తీస్తారంట గదా, ఆ లంక పిల్లకు తీసినట్టు" అంది. రిజానా పేరు ఆమెకు తెలీదు. సంగతి మాత్రం వంటిళ్ళలో, చెత్త పడేసే దగ్గర, శుక్రవారం చర్చి గేటు దగ్గర అందరి నోళ్ళలో తిరిగింది.

ఏం జరిగిందో మెల్లగా చెప్పించా. తెల్లారుజామున లేచిన మనిషి, అర్ధరాత్రి దాటాక బిడ్డను పడుకోబెట్టి పాల సీసా నోట్లో పెట్టింది, తనకే కునుకు పట్టింది. ఈజిప్టు డాక్టర్‌కు ఇంగ్లీషులో అదంతా చెప్పా. ఆయన రాశాడు. నా నోట్స్‌లో నేనూ రాశా: ఎన్ని గంటలకు వచ్చారు, ముక్కులోంచి పాలు వచ్చాయి, మెడ మీద, ఒంటి మీద ఎక్కడా గుర్తుల్లేవు. ఇంచార్జ్ సిస్టర్ నామీద కేకలేసింది, ఇదేమన్నా పోలీసు కేసా ఇంత రామాయణం రాస్తున్నావని. పోలీసు కేసు కాకూడదనే రాశాను సిస్టర్ అన్నా. మేడమ్ చెడ్డదేమీ కాదు, భయంలో నోరు జారింది, తెల్లారాక ఆ పిల్లకు కూడా క్యాంటీన్ నుంచి చాయ్ తెప్పించింది.

కానీ ఆ బిడ్డ బతక్కపోయి ఉంటే? ఆ కాగితం ఒక్కటే ఆమెకు మిగిలే సాక్ష్యం. రిజానా కేసులో ఇవేవీ లేవు. మొదట నేరం ఒప్పుకున్నట్టు రాయించుకున్నప్పుడు పక్కన లాయర్ లేడు. ఆమెకు వచ్చింది తమిళం, అనువాదం చేసినవాడికి ఆ పని సరిగ్గా చేతకాదని, బిడ్డకు పోస్టుమార్టం కూడా చేయలేదని ఆమె తరఫున పోరాడినవాళ్ళు మొత్తుకున్నారు. ఆ తరువాత ఆమె ఆ ఒప్పుకోలును వెనక్కి తీసుకున్నా ఎవరూ వినలేదు. మొదటి రోజు ఒక తమిళ నర్సో, ఒక మంచి అనువాదకుడో ఉండుంటే తరువాత అన్ని దేశాల ఉత్తరాల అవసరం వచ్చేది కాదని నేను ఎవరితోనైనా వాదిస్తా.

ఇక సంతకాల సంగతి. శిక్ష ఆపే తాళం ప్రభుత్వం చేతిలో ఉంటే గోల పనిచేస్తుంది. 2014లో సూడాన్‌లో మరియమ్ ఇబ్రహీమ్‌కు మతం మారిందని మరణశిక్ష వేశారు, జైల్లో కాళ్ళకు గొలుసులతోనే కాన్పయింది, ప్రపంచం దుమ్మెత్తిపోసింది, వారాల్లో శిక్ష రద్దయింది, జూలైలో ఇటలీ చేరింది. ఇది గోల గెలిచిన కేసే, కాదనను. కానీ హత్య కేసుల్లో, కిసాస్ (ప్రాణానికి ప్రాణం అనే షరియా నియమం, చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళు క్షమిస్తేనే శిక్ష ఆగుతుంది) నడిచే చోట, తాళం చనిపోయినవాళ్ళ కుటుంబం చేతిలో ఉంటుంది. ఆ ఇంట్లో కూర్చున్న తల్లికి మీ పది లక్షల సంతకాలు పది లక్షల తిట్లలాగే వినిపిస్తాయి. నిమిష ప్రియకు 2025 జూలై 16న శిక్ష అమలు కావలసింది, కేరళ నుంచి కాంతపురం ముస్లియార్ అనే మతపెద్ద యెమెన్ మతపెద్దలతో మాట్లాడించాక వాయిదా పడిందన్నారు. ఆ వెంటనే మనవాళ్ళు చేసిందేమిటి? వాయిదా ఘనత ఎవరిదని టీవీల్లో కొట్లాట, ఇంకొందరైతే చనిపోయినతని సోదరుడి ఫేస్‌బుక్ పేజీకి వెళ్ళి కామెంట్లు. క్షమించమని అడగవలసిన మనిషినే తిడితే ఎవడు క్షమిస్తాడండీ?

నైజీరియాలో అమీనా లావాల్ సంగతి కూడా చూడండి. 2002లో పెళ్ళి లేకుండా బిడ్డను కన్నదని రాళ్ళతో కొట్టి చంపాలన్నారు. ఆమెను ఫలానా తేదీన చంపేస్తారంటూ తప్పుడు మెయిళ్ళు లోకమంతా తిరిగాయి. ఆమె కోసం పనిచేస్తున్న బావోబాబ్ అనే అక్కడి మహిళా సంస్థే 2003లో దయచేసి ఈ ఉత్తరాలు ఆపండని బయటివాళ్ళకు రాసింది. ఎందుకంటే 2001లో అదే దేశంలోని జంఫారా రాష్ట్రంలో బారియా మగాజు అనే అమ్మాయి కేసులో విదేశాల ఒత్తిడి పెరిగేసరికి అక్కడివాళ్ళు పంతానికి పోయి కొరడా దెబ్బలు ముందుగానే కొట్టించేశారు. అమీనాను చివరికి కాపాడింది హవ్వా ఇబ్రహీం లాంటి అక్కడి లాయర్లే. అదే షరియా చట్టంలోని పాయింట్లు పట్టుకుని, విచారణలో ముగ్గురు జడ్జీలు ఉండాల్సింది ఒక్కడే ఉన్నాడు లాంటివి, 2003 సెప్టెంబర్ 25న శిక్ష కొట్టేయించారు. బయటినుంచి వచ్చిన డబ్బు, పేరు వాళ్ళకు ఉపయోగపడి ఉండొచ్చు, పని మాత్రం వాళ్ళదే.

మన దగ్గర సిరిసిల్ల వాళ్ళది ఆడవాళ్ళ కేసు కాదు గానీ చెప్పక తప్పదు. దుబాయ్ జైల్లో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో పద్దెనిమిదేళ్ళ దాకా మగ్గిన ఐదుగురు 2024 ప్రాంతంలో ఇంటికొచ్చారు. అందులో ఒక మెట్టు, చనిపోయిన నేపాలీ మనిషి కుటుంబం దగ్గరకు కేటీఆర్ స్వయంగా వెళ్ళి పరిహారం ఇచ్చి, క్షమించామన్న కాగితం తీసుకురావడం. తరువాత కూడా ఏళ్ళు పట్టింది, అది వేరే ఏడుపు.

కాబట్టి సంతకం పెట్టేముందు లింకు పంపినవాళ్ళను అడగండి: అక్కడ లాయర్ ఎవరు, ఆమె ఇంటివాళ్ళు ఈ ప్రచారం కావాలన్నారా, డబ్బు ఏ ఖాతాకు వెళ్తుంది. జవాబు లేకపోతే వదిలేయండి. "ఆ దేశాలంతే" అని కింద రాయబోయేవాళ్ళకు ఒక మాట, సొంత ఇంట్లోవాళ్ళను చంపిన కేసులో మరణశిక్ష పడిన ఉత్తరప్రదేశ్ షబ్నమ్‌ను 2021లో ఉరి తీస్తారంటూ మథుర జైలు గురించి నోరూరినట్టు చూపించింది మన ఛానెళ్ళే.

అన్నిటికంటే నాకు మండేది వేరే. ఆ రాత్రి ఆ పిల్లను వయసెంత అంటే ఇరవై నాలుగు అంది, సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు) మీద ముప్పై రెండు. ముప్పై నిండని ఆడవాళ్ళను గల్ఫ్‌కు ఇంటిపనికి పంపకూడదని మన ప్రభుత్వ నియమం, దాన్ని దాటడానికి ఏజెంటు వయసు పెంచేస్తాడు. రిజానాకూ అదే చేశారు, తరువాత నేను మైనర్‌ను మొర్రో అంటే ఏ కోర్టు నమ్ముతుంది, చేతిలో పాస్‌పోర్టు ఉండగా! మా వైపు బస్టాండ్ల చుట్టూ ఇప్పటికీ ఈ ఏజెంట్లు దర్జాగా కూర్చుని ఉన్నారు. వీళ్ళ మీద సంతకాల ఉద్యమం ఎవరైనా మొదలుపెడితే లింకు పంపండి, మొదటి సంతకం నాదే.