పండ్లకు క్లిప్పులు ఏసుకుంటే సకినాలు మానాల్నా?

సంక్రాంతి దగ్గరికొచ్చిందంటే ఈ పేజీకి వచ్చే ప్రశ్నలు మారిపోతయి, ఈసారి సగానికి సగం పండ్ల క్లిప్పుల మీదనే ఉన్నయి. నేను హన్మకొండల ఆర్థోడాంటిస్టును, అంటె వంకర పండ్లను వరుసకు తెచ్చే డాక్టర్‌ను, దినాం ఇవే మాటలు వింట. క్లిప్పులు ఉన్నన్ని రోజులు నొప్పి ఓర్చుకోవాలె, నోరు కట్టుకోవాలె అని ఎవరన్నా చెప్తె నమ్మకండ్రి. దాదాపు ప్రతి ఇబ్బందికి ఇంట్లనో క్లినిక్‌లనో ఒక ఉపాయం ఉంటది, అడగాలె అంతే.

ప్రశ్న: మేడమ్, మా బిడ్డకు పన్నెండేండ్లు, ముంగటి పండ్లు బయటికొచ్చినయి. బడిల ఎక్కిరిస్తున్నరని ఏడుస్తది. మొదటి రోజే క్లిప్పులు పెడతరా? సూదులు ఉంటయా? పై పన్ను పీకిపిస్తె కంటి చూపు పోతదని మా అత్తమ్మ భయపడ్తున్నది. – ఒక తల్లి, పరకాల

అమ్మా, ముందు అత్తమ్మ భయం సంగతి చెప్త. పై పన్ను నరం వేరు, చూపు నరం వేరు, పన్ను పీకినందుకు చూపు పోదు. ఈ మాట మా క్లినిక్‌ల పెద్దమనుషులు చానా మంది అడుగుతరు, కూసోబెట్టి నోటి ఎక్స్‌రే చూపిస్తె వాళ్ళకే నమ్మకం కుదుర్తది, మీ అత్తమ్మను కూడ ఎంబడి తోల్కపోండ్రి.

పన్నెండు పదమూడేండ్లు మంచి వయసే, పాలపండ్లు దాదాపు ఊడిపోయి పక్కా పండ్లు వచ్చి ఉంటయి. అసలైతే ఏడేండ్లప్పుడే ఒకసారి చూపించాలె, అప్పుడే క్లిప్పులు ఏస్తరని కాదు, దవడ ఎదుగుదల ఎట్లున్నదో ముందే తెలుస్తదని. ఇప్పుడు చూపించినా ఆలస్యమేం కాలేదు.

మొదటి రోజు క్లిప్పులు పెట్టరు. నోరు చూస్తరు, ఫొటోలు తీస్తరు, ఓపీజీ అని నోరు మొత్తం పడే ఎక్స్‌రే ఒకటి, పక్కనుంచి దవడ కనపడే సెఫలోగ్రామ్ అని ఇంకొకటి తీస్తరు, పండ్ల అచ్చు తీసుకుంటరు లేకుంటె స్కాన్ చేస్తరు. అచ్చు తీసేటప్పుడు ఆ ముద్ద గొంతు దాక వచ్చినట్టయి కొందరికి వాంతి వచ్చినట్టుంటది, బిడ్డకు చెప్పుండ్రి, తల కొద్దిగ ముంగటికి వంచి ముక్కుతోని మెల్లగ గాలి పీల్చుకుంట కూసుంటె ఒకటి రెండు నిమిషాలల్ల అయిపోతది. తర్వాత ప్లాన్ చెప్తరు. జాగా సాలకపోతె కొందరికి కోర పన్ను ఎనక ఉండే చిన్న దవడ పండ్లు తీపిచ్చాల్సి వస్తది, అందరికీ కాదు. సూది ఉండేది ఆ పీకుడప్పుడే. క్లిప్పులు అంటించే రోజు సూది ఉండదు, పెదిమలు ఎడం పట్టే ప్లాస్టిక్‌ది పెట్టి, పన్ను మీద జెల్ రాసి కడిగి, బ్రాకెట్లు అంటె తీగను పట్టే చిన్న బిళ్ళలు, వాటిని ఒక్కొక్కటి అంటించి నీలం లైట్ పడతరు. ఎక్కువసేపు నోరు తెరిచి ఉండుడే కష్టం.

డబ్బుల సంగతి మొహమాటపడకుంట మొదటి రోజే అడుగుండ్రి. మెటల్‌వి అన్నిటికంటె అగ్గువ, పంటి రంగుల ఉండే సిరామిక్‌వి పిరం. బ్రాకెట్ ఊడితె మళ్ళ పైసలు తీసుకుంటరా, క్లిప్పులు తీసినంక పండ్లు మళ్ళ జరగకుంట పెట్టుకోవడానికి ఇచ్చే రిటైనర్ ఆ లెక్కలనే ఉన్నదా, వాయిదాల కట్టొచ్చా, ఇవి కాగితం మీద రాపిచ్చుకోండ్రి. డాక్టర్ బీడీఎస్ (పండ్ల డాక్టర్ డిగ్రీ) మీద మూడేండ్లు ఆర్థోడాంటిక్స్‌ల ఎండీఎస్ (పీజీ) చేసిన్రా అని కూడ అడుగొచ్చు, తప్పేం లేదు. ఖర్చు భరించలేమనుకుంటె హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌ల గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉన్నది, గని నాలుగైదు వారాలకోసారి పోయిరావాలె, ఆ తిరుగుడు కూడ లెక్కేసుకోండ్రి.

ప్రశ్న: నిన్న క్లిప్పులు పెట్టిన్రు. పొద్దుందాక ఏం కాలే, రాత్రి నుంచి షురూ అయింది, అన్నం కూడ నమల్త లేను. చెంప లోపల కోసుకుపోయింది. తీసేయమందామా అనిపిస్తున్నది. – డిగ్రీ స్టూడెంట్, హన్మకొండ

తమ్ముడూ, నీకు అయితున్నది అందరికీ అయ్యేదే, ఏదో తప్పు జరిగిందని కాదు. తీగ గుంజుడు మొదలయిన కొన్ని గంటలకు నొప్పి ఎక్కుతది, మరునాడు బాగ ఉంటది, మూడు రోజుల నుంచి వారంల తగ్గిపోతది. తడి మట్టిల పాతిన గుంజను మెల్లమెల్లగ పక్కకు నూకితె ఎట్ల జరుగుతదో పన్ను కూడ గట్లనే జరుగుతది, ఒత్తిడి పడ్డ దిక్కు ఎముక కరుగుతది, ఎనక దిక్కు కొత్త ఎముక పుడ్తది. ఆ పని నెలకు ఒక మిల్లీమీటర్ లెక్కన నడుస్తది, అందుకనే తొందరపెడ్తె కాదు.

పారాసిటమాల్ మీ డాక్టర్ చెప్పిన మోతాదుల ఏసుకో. ఐబుప్రొఫెన్ లాంటివి రోజుల తరబడి సొంతంగ మింగకు, పన్ను జరగడానికి కావాల్సిన రసాయనాలను అవి అడ్డుకుంటయి. సల్లటి నీళ్ళు నోట్ల పట్టుకొని చూడు, చానా మందికి మొదట పెట్టే సన్న నికెల్ టైటానియం తీగ సల్లదనానికి మెత్తబడ్తది, ఆ కాసేపు హాయిగుంటది. ఐసుగడ్డ మాత్రం కొరకకు. ఈ నాలుగు రోజులు జొన్న గట్కనో మక్క గట్కనో మజ్జిగల కలుపుకో, పప్పన్నం మెత్తగ పిసుక్కో, ఇడ్లీ సాంబార్‌ల నానెయ్యి. ఆకలితోని ఉంటె నొప్పి ఇంకా ఎక్కువ అనిపిస్తది.

చెంప కోసుకుపోయినదానికి ఆర్థో వ్యాక్స్, అంటె క్లిప్పుల మీద పెట్టే మెత్తటి మైనం, పెట్టు. క్లినిక్‌ల ఇచ్చే ఉంటరు, లేకుంటె మెడికల్ షాపుల అడుగు. పెట్టుడు సరిగ రాక ఊడిపోతది చానా మందికి, అందుకే ఇడమర్చి చెప్త: చేతులు కడుక్కో, శనగ గింజంత తుంచి ఏళ్ళ మధ్యల మెత్తగ అయ్యేదాక గుండ్రంగ తిప్పు, కోస్తున్న బ్రాకెట్ దగ్గర పెదిమ ఎత్తిపట్టి దూదితోనో శుభ్రమైన గుడ్డతోనో దాని తడి ఒత్తెయ్యి, అప్పుడు ఉండను బ్రాకెట్ మీద నొక్కి బొటనేలుతోని సాపు చెయ్యి. తడి మీద పెడ్తె నిలవదు, అదే అసలు కిటుకు. తినేటప్పుడు తీసేసి తర్వాత కొత్తది పెట్టుకో, మింగినా నష్టం లేదు. గోరువెచ్చని ఉప్పు నీళ్ళు రోజుకు మూడు నాలుగుసార్లు పుక్కిలిస్తె పుండు తొందరగ మానుతది.

ఎనక తీగ కొస గుచ్చుతుంటె పెన్సిల్ రబ్బరు కొసతోని మెల్లగ లోపలికి వంచు, కాకుంటె వ్యాక్స్ పెట్టి క్లినిక్‌కు ఫోన్ చెయ్యి, కత్తిరించుడు మాకు రెండు నిమిషాల పని. నువ్వే కత్తిరిస్తె ఆ ముక్క గొంతులకు పోయే ప్రమాదముంటది. వారం దాటినా నొప్పి అట్లనే ఉంటె, నిద్ర పట్టకుంటె, వాపు వస్తె ఆగొద్దు, వెంటనే చూపించు.

ప్రశ్న: మా మనుమడికి క్లిప్పులు పెట్టిన్రు. సకినాలు వద్దట, గారెలప్పలు వద్దట, మక్క కంకి వద్దట. పండుగ పూట పిలగాని ముంగట మేమెట్ల తినాలె బిడ్డా? – ఒక నాయినమ్మ, జనగామ

అమ్మమ్మా, మీ బాధ నాకు మస్తు అర్థమైతది. పిలగాని ముంగట దాసుకొని తినాల్సిన పని లేదు. బ్రాకెట్లను ఊడగొట్టేవి రెండు: ఒకటి గట్టిగ ఉండేది కొరుకుడు, రెండు జిగటగ గుంజేది. ఈ రెండు లేకుంట ఎట్ల పెట్టాల్నో చూసుకుంటె సాలు.

సకినం ముంగటి పండ్లతోని కొరకొద్దు. చేతితోని చిన్న చిన్న ముక్కలు ఇరిచి చాయల నానబెడ్తె మెత్తబడ్తది, లేకుంటె పాలల్ల పొడి చేసి ఇయ్యుండ్రి, నువ్వులు ఓమ రుచి ఎక్కడికి పోదు. కాల్చేటప్పుడే వానికోసం ఒక వాయి ఎర్రగ కానియ్యకుంట పచ్చిగ తీసి పెడ్తె ఇంకా మంచిది, అవి మెత్తగ ఉంటయి, మనోళ్ళు పచ్చిమిరప తొక్కుతోని తింటరు కద. గారెలప్పలు గట్టిగుంటె ఒక పూట పెరుగుల నానెయ్యుండ్రి. అరిసె మెత్తనిదే గని పాకం అంటుకుంటది, చిన్నగ తుంచి పెట్టి తర్వాత నోరు కడిగిపియ్యుండ్రి. గర్జెలైతే పైన కరకరలాడే అంచు తీసేసి లోపలి పొడి పెట్టుండ్రి.

కంకి కొరుకుడు వద్దు, ఉడకబెట్టి గింజలు ఒలిచి ఇస్తె ఎనక పండ్లతోని నములుకుంటడు. చెరుకు నమలొద్దు, రసం తాగనియ్యుండ్రి. జామకాయ దోరది కొరకొద్దు, పండింది సన్నగ కోసి గింజల భాగం తీసెయ్యుండ్రి. సర్వపిండి నడిమి మెత్తగుంటది, అది పెట్టుండ్రి, అంచులు మీరు తినుండ్రి. మటన్ మెత్తగ ఉడికించి బొక్క తీసేసి ముక్క పెట్టొచ్చు, కీమా అయితె ఇంకా సుళువు. సద్దుల బతుకమ్మకు చేసే సత్తుపిండ్లు మలీద తినొచ్చు. మేడారం బంగారం, అదే బెల్లం, ప్రసాదంగ వస్తె గడ్డ కొరకనియ్యకుండ్రి, పాలల్లనో గట్కలనో కరిగిస్తె ప్రసాదం ప్రసాదమే. నేను పూర్తిగ వద్దనేవి పల్లిపట్టి, బబుల్‌గమ్, జిగట చాక్లెట్లు. వీటికి ఉపాయం లేదు.

ఇంకొక్క మాట. తీపి తినేది అన్నంతోపాటే ఒక్కపూట పెట్టుండ్రి, పొద్దంత కొద్దికొద్దిగ చేతిల పెట్టకుండ్రి. తీపి నోట్ల పడ్డప్పుడల్లా అక్కడి క్రిములు యాసిడ్ పుట్టిస్తయి, అది బ్రాకెట్ చుట్టు పన్నును కరిగిస్తది, నెల రోజులల్లనే తెల్ల మచ్చ మొదలు కావొచ్చు. క్లిప్పులు తీసినంక పండ్లు వరుసగ ఉండి మచ్చలు మిగిలితె ఆ పిలగాని మొఖం చూడబుద్ది కాదు నాకు. కూల్‌డ్రింకులు కూడ అదే లెక్క.

ప్రశ్న: ఏం తిన్నా తీగలల్ల ఇరుక్కుంటది, నవ్వాలంటె సిగ్గు. రబ్బర్లు పసుపుపచ్చగ అయినయి. – ఇంటర్ అమ్మాయి, ములుగు

చెల్లే, ఆ రంగు మన కూరల పసుపుది, తీగను బ్రాకెట్లకు పట్టి ఉంచే తెల్ల రబ్బర్లకు తొందరగ పడ్తది. నెలకోసారి అవి మారుస్తరు, ఈసారి బూడిద రంగువో నీలంవో అడుగు, కనపడదు. బ్రష్ తీగకు పైన ఒకసారి కిందికి వంచి, తీగకు కింద ఒకసారి పైకి వంచి తోముకో, సందులల్లకు ఇంటర్‌డెంటల్ బ్రష్ అని సన్నది దొరుకుతది, తీగ కిందనుంచి దూర్చి తియ్యి. ఫ్లోరైడ్ పేస్ట్ వాడు. రాత్రి తోముకునుడు మాత్రం అస్సలు తప్పొద్దు. కాలేజీకి పోయేటప్పుడు సంచిల చిన్న అద్దం, సన్న బ్రష్, వ్యాక్స్ పెట్టుకో, తిన్నంక నీళ్ళతోని గట్టిగ పుక్కిలిస్తె సగం పోతది.

ప్రశ్న: మా బాబు టెన్త్. పరీక్షలయినంక క్లిప్పులు పెట్టిద్దామనుకుంటున్నం, జూన్‌ల హైదరాబాద్‌ల ఇంటర్ హాస్టల్‌కు పోతడు. – ఒక తండ్రి, కరీంనగర్

అన్నా, ఇది మంచిగ అడిగిన్రు, ఎందుకంటే ఇక్కడ పెట్టించి హాస్టల్‌ల ఏసి దసరాకు మళ్ళ తీసుకొచ్చే తల్లిదండ్రులను చానా మందిని చూస్తున్న. ట్రీట్‌మెంట్ ఏడాదిన్నర నుంచి రెండేండ్లు నడుస్తది, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చూపించాలె. నెలల తరబడి చూపెట్టకపోతె ఊడిన బ్రాకెట్ ఊడినట్టే ఉంటది, పన్ను అడ్డదిడ్డంగ తిరుగొచ్చు, చిగుర్లు వాస్తయి. నా సలహా ఏందంటె, బాబు ఎక్కడుంటడో అక్కడి డాక్టర్ దగ్గరనే షురూ చెయ్యుండ్రి, హాస్టల్ వాళ్ళు నెలకో పూట బయటికి పంపుతరా అని చేర్పించే ముందే అడుగుండ్రి. పంపేది లేదంటె ఇంటర్ అయ్యేదాక ఆగుండ్రి, నష్టం లేదు, గని ఆగొచ్చా లేదా అన్నది ఒకసారి చూపించి తేల్చుకోండ్రి. ఇప్పటికే పెట్టించి ఉంటె ఎక్స్‌రేలు, అచ్చులు, ప్లాన్ కాగితాలు అన్నీ తీసుకొని డాక్టర్ మారుండ్రి.

ప్రశ్న: నాకు ముప్పై నాలుగు. ఇప్పుడు కుదుర్తదా? కనపడని అలైనర్లు మంచివేనా? – ఉద్యోగి, కాజీపేట

కుదుర్తది, వయసు అడ్డం కాదు, చిగుర్లు ఎముక గట్టిగ ఉండాలె, చిగుర్ల జబ్బు ఉంటె ముందు అది నయం చేసుకోవాలె. అలైనర్లంటె పండ్లకు తొడుక్కొని తీసి పెట్టుకునే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు, అవి రోజుకు ఇరవై రెండు గంటలు పెట్టుకునే ఓపిక ఉంటె మంచివే, తిన్నప్పుడల్లా తీసి పక్కన పెట్టి మర్చిపోయే అలవాటుంటె క్లిప్పులే మేలు. అన్ని కేసులకు అవి పనికిరావు.

ప్రశ్న: పోయిన నెల క్లిప్పులు తీసేసిన్రు. రిటైనర్ పెట్టుకుంటె మాట తడబడ్తున్నది, వచ్చే నెల నా పెండ్లి ఉన్నది. అప్పటిదాక మానొచ్చా? – నర్సంపేట

వద్దు చెల్లే, ఈ నెలలే అన్నిటికంటె ముఖ్యం. పన్ను చుట్టు ఉండే చిగురు పీచులు కుదురుకోవడానికి ఏడాది దాక పడ్తది, అప్పటిదాక పన్ను పాత జాగాకే పోదామని చూస్తది. మాట సంగతికి పొద్దున పేపర్ గట్టిగ సదువు, కొద్ది రోజులల్ల నాలిక అలవాటు పడ్తది. పెండ్లి రోజు ఫొటోలప్పుడు, తినేటప్పుడు తీసి డబ్బాల పెట్టు, టిష్యూల సుట్టకు, విస్తరాకులతోపాటు చెత్తల పోతది. వేడి నీళ్ళతోని కడగకు, వంగిపోతది. రాత్రి పండుకునేటప్పుడు మళ్ళ పెట్టుకో, అత్తగారింటికి పోయే సంచిల ఆ డబ్బా ముందే సర్దుకో.