నలుగురిలోకి తీసుకెళ్లడం మానకండి

ప్రశ్న: మా బాబుకి 9 ఏళ్లు. ఆటిజం ఉంది. సిటీ బస్సులో హారన్ మోగితే చాలు, చెవులు మూసుకుని అరుస్తాడు. ‘రెండు తగిలిస్తే వాడే ఊరుకుంటాడు’ అంటారు పక్కవాళ్లు. పెళ్లిళ్లకూ తీసుకెళ్లడం మానేశాం. ఏం చేయమంటారు?
– ఓ తల్లి, విజయవాడ

జవాబు: మానకండమ్మా. అది మొండితనం కాదు. మొండికేసిన పిల్లాడు అడిగింది చేతిలో పెడితే ఊరుకుంటాడు. మీ బాబుకి మాత్రం మనం పట్టించుకోని హారనే భరించలేనంత మోత. అప్పుడు కొడితే మోతకు దెబ్బ తోడవుతుంది, అంతే. చూసేవాళ్ల తృప్తి కోసం పిల్లాడి మీద చెయ్యి చేసుకోవద్దు.

ముందు కొన్నాళ్లు స్టాపులో నిలబడి, బస్సులు చూసి వచ్చేయండి. తర్వాత ఒక్క స్టాపు దూరం, ఆపైన రెండు. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 లోపు రద్దీ తక్కువ. ఇంజిన్ పక్కన, వెనక చక్రం మీద సీట్లు వద్దు. మోత తగ్గించే చెవి కప్పులు హెడ్‌ఫోన్‌లా ఉంటాయి. కొన్న రోజే బస్సులో పెడితే పీకి పారేస్తాడు. ఇంట్లో ఇష్టమైన ఆటలో ఉన్నప్పుడు 5 నిమిషాలతో అలవాటు చేయండి. రోజంతా ఉంచితే మాత్రం మామూలు చప్పుళ్లు కూడా ఓర్చుకోలేకపోవచ్చు.

అరుపు మొదలయ్యాక బతిమాలకండి, ప్రశ్నలు వేయకండి. ఆ సమయంలో మన మాటలూ మోతే. ‘దిగుదాం’ అని ఒక్క మాట అని, వచ్చే స్టాపులో దిగి నీడన కూర్చోండి.

పక్కవాళ్లకు క్షమాపణ చెప్పొద్దు, విషయం చెప్పండి. ‘బాబుకి ఆటిజం. మోత తట్టుకోలేడు. కాస్త చోటిచ్చి, చూడకుండా ఉంటే తనే సర్దుకుంటాడు’ అని చీటీ రాసి పెట్టుకుని, ఎక్కగానే కండక్టరుకు చూపించండి. ఎవరైనా దింపేయమంటే యూడీఐడీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) తీయండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. నలుగురిలో కావాలని అవమానిస్తే 92వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా. 2022లో రాంచీలో ప్రత్యేక అవసరాలున్న ఓ బాలుణ్ణి విమానం ఎక్కనివ్వనందుకు విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఆ విమాన సంస్థకు 5 లక్షల జరిమానా వేసింది.

పెళ్లిలో అసలు చిక్కు గట్టిమేళం. తాళి కట్టేవేళ డోళ్లు, సన్నాయిలు ఒక్కసారిగా అందుకుంటాయి. ముహూర్తానికి పది నిమిషాల ముందే బాబుని బయటికి తీసుకెళ్లండి. విడిదిలో ఓ గది, మొదటి పంక్తిలో భోజనం కావాలని పెళ్లివారిని ముందే అడగండి. మొహమాటపడొద్దు.