మధ్యాహ్నం వాలిన ఆకులు తెల్లారేసరికి లేచాయా?

ప్రశ్న: పెరట్లో బీర, సొర పాదులు, వంగ, టమాట మొక్కలు ఉన్నాయి. కొన్ని కుండీల్లో పెంచుతున్నాం. ఎండలు ముదిరినప్పటి నుంచి రెండు పూటలా నీళ్లు పోస్తున్నా పదకొండు గంటలకే ఆకులు వాలిపోతున్నాయి. రెండు వంగ మొక్కలైతే పచ్చగా ఉండగానే వడలిపోయి మళ్లీ లేవలేదు. నీళ్లు ఇంకా పెంచాలా? మందేమైనా పోయాలా?

జవాబు: నీళ్లు పెంచే ముందు, మందు కొనే ముందు ఒక పని చేయండి. రేపు తెల్లవారగానే, నీళ్లు పెట్టకముందే ఆకులు చూడండి. మధ్యాహ్నం వాలిన ఆకు రాత్రికి తేరుకుని పొద్దున్నే నిటారుగా ఉంటే అది రోగం కాదు. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు ఆకుల నుంచి ఆవిరయ్యే నీటిని వేర్లు అదే వేగంతో అందించలేవు. వెడల్పాటి ఆకులుండే సొర, బీర, గుమ్మడి పాదుల్లో నేల తడిగా ఉన్నా ఇది కనిపిస్తుంది. దీన్ని చూసి కంగారుపడి నీళ్లు పోసే వాళ్లే ఎక్కువ. నేల ఎప్పుడూ చిత్తడిగా ఉంటే వేర్లకు గాలి ఆడదు, కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు కాబట్టి మొక్క మళ్లీ వాలుతుంది, మీరు మళ్లీ పోస్తారు.

పొద్దున కూడా వాలే ఉంటే మొదలుకు జానెడు దూరంలో వేలెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. తడిగా ముద్దకడితే పైన చెప్పిన వేరు కుళ్లునో, చివర చెప్పే తెగుళ్లనో అనుమానించండి. పొడిగా రాలిపోతే నీరు చాలడం లేదు. రెండు పూటలా పోసినా ఎందుకు చాలలేదంటే, కొంచెం కొంచెంగా పోసిన నీరు పైపొరనే తడిపి ఆవిరైపోతుంది. వేర్లు కూడా పైపైనే తిరుగుతాయి. చదరపు మీటరుకు 20 లీటర్లు ఒకేసారి, నిదానంగా, తెల్లవారుజామున ఇవ్వండి. ఇసుక నేలైతే రెండు రోజులకోసారి, బంకమన్ను ఎక్కువుండే బరువు నేలైతే మూడు నాలుగు రోజులకోసారి, అదీ మట్టి చూశాకే. ఎండలో పడున్న పైపులోని వేడి నీటిని ముందు బయటికి వదిలేయండి.

నీరు పెట్టాక ఎండుగడ్డి గానీ ఎండుటాకులు గానీ రెండు మూడు అంగుళాల మందాన పరచండి. కాండానికి ఆనకుండా రెండు అంగుళాలు ఖాళీ వదలాలి, లేకపోతే మొదలు కుళ్లుతుంది. 35 నుంచి 50 శాతం నీడనిచ్చే షేడ్ నెట్‌ను మొక్కలకు రెండడుగుల పైన కడితే చాలు. అంతకంటే దట్టమైన వల వేస్తే పూత తగ్గుతుంది. వాలిన మొక్కకు యూరియా మాత్రం వేయకండి. పొడి నేలలో ఉప్పుల గాఢత పెరిగి వేర్లు నీరు తీసుకోవడం ఇంకా కష్టమవుతుంది, ఆకు అంచులు మాడతాయి.

కుండీల సంగతి వేరు. మట్టి బాగా ఎండితే ముద్దగా కుంచించుకుని కుండీ అంచు నుంచి విడిపోతుంది. పోసిన నీరు ఆ సందులోంచి జారి అడుగు రంధ్రంలోంచి వచ్చేస్తుంది. మట్టి తడిసిందని మీరనుకుంటారు. కుండీని ఎత్తి చూడండి. తేలిగ్గా ఉంటే నీళ్ల తొట్టిలో అరగంట ఉంచి తీసి, నీరు ఓడనివ్వండి. నల్ల ప్లాస్టిక్ కుండీలను సాయంత్రపు ఎండ తగలని చోటికి మార్చండి.

ఇక ఆ రెండు వంగ మొక్కలు. కొమ్మ చివరలు మాత్రమే వాలి ఉంటే అది కొమ్మ తొలుచు పురుగు పని, వాలిన కొనలు తుంచి నాశనం చేయండి. మొక్క మొత్తం పచ్చగానే వడలిందంటే బాక్టీరియా ఎండు తెగులును అనుమానించాలి. మొదలు దగ్గర రెండు మూడు అంగుళాల కాండం కోసి, గాజు గ్లాసులోని తేట నీటిలో కదలకుండా వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లని దారం జారితే తెగులు ఖాయం. దారం రాకుండా, కాండం చీల్చితే లోపల గోధుమ చారలు కనిపించి, ఆకులు కింద నుంచి పసుపెక్కుతూ వస్తే శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులు కావచ్చు. వేర్ల మీద బుడిపెలుంటే అది వేర్లలో చేరే నులిపురుగుల పని.

బాక్టీరియా సోకిన మొక్కను బతికించే మందు లేదు. వేర్లతో, చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి దూరంగా కాల్చేయండి, కంపోస్టు గుంతలో వేయొద్దు. శిలీంధ్రమైతే పక్క మొక్కల మొదళ్లలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయవచ్చు. బాక్టీరియా ఉన్న చోట కనీసం మూడేళ్లు వంగ, టమాట, మిరప, బంగాళాదుంప పెట్టకుండా మొక్కజొన్న లాంటివి వేయండి. తప్పదనుకుంటే ఉస్తికాయ మొక్క మీద అంటుకట్టిన వంగ నారు తెచ్చుకోండి, అది ఈ తెగులును చాలావరకు తట్టుకుంటుంది. తెగులు మొక్కను తీసిన గుంతలో పారిన నీరు మిగతా మొక్కల వైపు పోకుండా చిన్న గట్టు వేయండి. తవ్విన పారను కడిగి ఆరబెట్టాకే వేరే చోట వాడండి.