దాత క్రియాటినిన్ 2 దాటితే ఆ కిడ్నీ వద్దనాల్సిందేనా?

అడిగినాయన వాళ్ల నాన్నగారికి 61 ఏళ్లు. డయాలసిస్ మీద ఉన్నారు, బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవాలు కేటాయించే జీవన్‌దాన్ పథకంలో పేరు నమోదైంది. మొన్న ఒక కిడ్నీ వస్తే, దాతకు 58 ఏళ్లనీ క్రియాటినిన్ (కిడ్నీ సరిగా వడపోయకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 2 పైనుందనీ చెప్పడంతో భయపడి వద్దన్నారట. మళ్లీ అలాంటిదే వస్తే ఏం చెయ్యాలి, అది మంచిదో కాదో ఎలా తెలుస్తుంది అని ప్రశ్న.

నా మాట ఒక్కటే. ఆ ఒక్క అంకె చూసి వద్దనకండి. మా అన్నయ్య ఒంట్లో ఇవాళ పనిచేస్తున్నది అచ్చం అలాంటి కిడ్నీయే.

మాది ఉద్దానం, కవిటి మండలం. కిడ్నీ జబ్బు గురించి మా వైపు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. "ఇంట్లోవాళ్లది పెట్టించొచ్చుగా, బయటివాళ్లది ఎందుకు?" అని బంధువులు తేలిగ్గా అనేస్తారు. ఉద్దానంలో అసలు చిక్కే అది. అమ్మకు పరీక్ష చేస్తే యూరిన్‌లో ప్రోటీన్ పోతోందని తేలింది. నాకు డీటీపీఏ అనే కిడ్నీ స్కాన్ చేశారు. జీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు వడపోసే వేగం, నా వయసుకు ఉండాల్సినంత లేదు. "నువ్వూ ఆ నీళ్లు తాగి, ఆ ఎండలో పనిచేసినవాడివే. ఉన్న రెండింటిలో ఒకటి తీసేసి నిన్ను ఇంటికి పంపలేను" అన్నారు డాక్టరుగారు. వదినది బ్లడ్ గ్రూప్ కలవలేదు. బతికున్న దాతకైతే ఇలా వారాల తరబడి చూస్తారు, రెండింటిలో మెరుగైన కిడ్నీని దాతకే ఉంచి రెండోది తీస్తారు. బ్రెయిన్ డెడ్ అయినవారి విషయంలో అంత తీరిక ఉండదు. తేల్చుకోవడానికి గంటలే.

మాకు విశాఖలో రాత్రి పదకొండు దాటాక ఫోన్ వచ్చింది. దాతకు 58 ఏళ్లు, బీపీ ఉంది, మెదడులో రక్తస్రావం, క్రియాటినిన్ 2.1. అరగంటలో అవునో కాదో చెప్పమన్నారు. ఇంకో మాట లేదు. ఊళ్లో ఉన్న పెదనాన్నకు చెబితే "ముసలి కిడ్నీ వద్దురా, కుర్రాడిది వచ్చేదాకా ఆగండి" అన్నాడు. వదిన మాత్రం డయాలసిస్ యూనిట్ బయట కూర్చుని కూర్చుని చాలా నేర్చుకుంది. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని "మేడం, ఆయన ఆసుపత్రిలో చేరిన రోజు క్రియాటినిన్ ఎంత?" అని అడిగింది. అవతల మేడం దగ్గర ఆ కాగితం లేదు. కనుక్కుని చెబుతామన్నారు.

మేం ఆసుపత్రికి చేరేసరికి నెఫ్రాలజిస్టుగారు వరండాలోకి వచ్చి, ఏదో రిపోర్టు వెనకవైపు వరసగా నాలుగు అంకెలు రాశారు. 0.9, 1.1, 2.4, 2.1. "చివరిది ఒక్కటే చూడకమ్మా. మొదటినుంచి చదువు" అన్నారు వదినతో. చేరిన రోజు 0.9 అంటే ఆ కిడ్నీలు అప్పటిదాకా నిక్షేపంగా ఉన్నట్టే. మెదడు చచ్చిపోయేటప్పుడు బీపీ ఒక్కసారిగా ఎగిరి పడిపోతుంది, కిడ్నీకి రక్తం సరిగా అందదు, లోపలి గొట్టాలు దెబ్బతింటాయి. ఆ దెబ్బ చాలావరకు మానిపోతుంది. 2.4 నుంచి 2.1కి దిగుతోందంటే మానడం మొదలైనట్టే. అదే చేరిన రోజే 1.8 ఉండి అలాగే నిలబడి ఉంటే అది పాత జబ్బు, దాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు. అప్పుడు నేనే వద్దంటాను అన్నారాయన. యూరిన్ బాగానే వస్తోంది, అందులో ప్రోటీన్ లేదు, అల్ట్రాసౌండ్‌లో కిడ్నీల సైజు తగ్గలేదు. ఇవన్నీ ఆ వరండాలో నిలబడే చెప్పారు.

కిడ్నీ తీశాక ఇంకో పరీక్ష ఉంటుంది. అది సర్జన్ కంటితో చేసేది. తర్వాత రౌండ్స్‌లో ఆయన్నే అడిగాను. చల్లటి ద్రావణం ఎక్కించి లోపలి రక్తమంతా కడిగేస్తారు. అప్పుడు కిడ్నీ మొత్తం ఒకే తీరున పాలిపోవాలి. అక్కడక్కడా నీలంగా, మచ్చలుగా మిగిలితే ఆ భాగానికి ద్రావణం వెళ్లలేదని అర్థం. పైన కొవ్వు ఒలిచి గుంటలు, గడ్డలు ఉన్నాయేమో చూస్తారు. రక్తనాళం మూతి దగ్గర వేలు పెట్టి గట్టిగా పేరుకున్నదేమైనా తగులుతుందేమో చూస్తారు. మా అన్నయ్యకు వచ్చినదానికి ఆ మూతి దగ్గర కాస్త గట్టిదనం ఉందట, లోపల మెత్తగా ఉందట.

అనుమానం ఉంటే బయాప్సీ చేస్తారు, అంటే కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోపులో చూస్తారు. వడపోసే గ్లోమెరులైలో ఎన్ని మాడిపోయాయి, గొట్టాలు ఎంత కుంచించుకుపోయాయి, మధ్యలో మచ్చ ఎంత కట్టింది, సన్న రక్తనాళాలు ఎంత మూసుకున్నాయి అని నాలుగింటికీ 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. మొత్తం 3 దాకా అయితే ఒక్క కిడ్నీ చాలు. 4 నుంచి 6 అయితే ఆ దాతవి రెండూ ఒకే మనిషికి పెట్టొచ్చు. 7 గానీ అంతకు మించి గానీ అయితే పక్కన పెడతారు. వినడానికి బాగుంటుంది గానీ, అర్ధరాత్రి గడ్డకట్టించిన ముక్కను చూసేది అన్నిచోట్లా కిడ్నీ మీదే అనుభవం ఉన్న పాథాలజిస్టు కాదు. ఆ ఒక్క రిపోర్టును చూసి పారేసిన కిడ్నీల్లో మంచివి బోలెడు పోయాయని నా గట్టి నమ్మకం. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో అమెరికాను ఫ్రాన్స్‌తో పోల్చి చూశారు. పదేళ్లలో అమెరికాలో పక్కన పడేసిన కిడ్నీల్లో దాదాపు 62 శాతం ఫ్రాన్స్‌లో అయితే ఎవరో ఒకరికి పెట్టేవారేనని లెక్క తేలింది. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇంకొకటి. దాత కిడ్నీ ఎలాంటిదో చెప్పడానికి కేడీపీఐ అని ఒక అంకె వేస్తారు. కేడీపీఐ 85 అని ఎవరైనా అంటే వందకు 85 మార్కులు అనుకునేరు. అక్కడ అంకె పెరిగేకొద్దీ కిడ్నీ నాసిరకం అన్నట్టు. పైగా అది అమెరికా దాతలతో పోల్చి కట్టిన లెక్క, మనవాళ్లతో కాదు.

అన్నయ్యకు కిడ్నీ పెట్టగానే యూరిన్ ధారగా రాలేదు. కొన్ని డయాలసిస్‌లు చేయాల్సి వచ్చింది. బ్యాగులో చుక్కలే. "చెప్పానా?" అని పెదనాన్న ఫోన్. ఇలా ఆలస్యంగా మేలుకోవడం ఈ రకం కిడ్నీల్లో మామూలేనని డాక్టరుగారు ముందే చెప్పి ఉంచారు కాబట్టి మేం తట్టుకున్నాం. ఒక తెల్లవారుజామున వదిన నన్ను లేపి బ్యాగు చూపించింది. సగం నిండింది. ఇప్పుడు అన్నయ్య క్రియాటినిన్ 1.4 దగ్గర నిలబడింది.

నా కోపమల్లా ఆ అరగంట మీద. ఈ సంగతులన్నీ పేరు నమోదు చేసుకున్న రోజే కూర్చోబెట్టి చెప్పాలి. అర్ధరాత్రి ఫోన్‌లో ఒక అంకె పడేసి అవునో కాదో చెప్పమంటే ఏ ఇంట్లోవాళ్లయినా కాదనే అంటారు. ఆడమనిషిదా మగవాడిదా, ఏ కులం వాళ్లది అని అడిగే బంధువులు సరేసరి. ఆ ఏడుపులో అవయవాలు ఇవ్వడానికి ఒప్పుకున్న ఇంటివాళ్ల ముందు ఆ ప్రశ్నలు ఎలా వస్తాయో నాకు అర్థం కాదు.

మీ నాన్నగారి వయసుకు ఇరవై ఏళ్ల కుర్రాడి కిడ్నీ కోసం ఆగడం కంటే, వచ్చిన మంచి పెద్దవయసు కిడ్నీ త్వరగా పెట్టించుకోవడమే మేలని నేనంటాను. యూరప్‌లో కొన్ని దేశాలు కలిసి 1999 నుంచి 65 దాటిన దాతల కిడ్నీలను 65 దాటినవాళ్లకే ఇస్తున్నాయి. ఐస్ పెట్టెలో ఎక్కువ సేపు ఉండకుండా దగ్గర్లోనే పెట్టేస్తారు. ఈసారి ఫోన్ వస్తే దాత ఆసుపత్రిలో చేరిన రోజు క్రియాటినిన్ ఎంత, ఇప్పుడు పెరుగుతోందా తగ్గుతోందా, యూరిన్‌లో ప్రోటీన్ ఉందా, షుగర్ ఎన్నాళ్లుగా ఉంది, కిడ్నీ మీ ఆసుపత్రికి చేరి ఆపరేషన్ అయ్యేసరికి ఎన్ని గంటలవుతుంది అని అడగండి. షుగర్ ఏళ్లతరబడి ఉండి ప్రోటీన్ కూడా పోతుంటే మీ డాక్టరుగారితో గట్టిగా మాట్లాడాకే ఒప్పుకోండి. ఈ ప్రశ్నలు కాగితం మీద రాసి నాన్నగారి మంచం దగ్గర కాదు, రాత్రి ఫోన్ ఎత్తేవాళ్ల దగ్గర ఉంచండి.