మగవాళ్ళకు రొమ్ము క్యాన్సర్ వస్తుందా? మామోగ్రామ్‌కి నాన్న ఒప్పుకోవడం లేదు, ఏం చేయాలి?

వస్తుందమ్మా. నాకు వచ్చింది. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాని, అప్పటికి నాకు 57 ఏళ్ళు. విజయవాడ పటమటలో ఉండే మీ నాన్నగారికి ఎడమ చనుమొన కింద నొప్పి లేని గడ్డ ఉందని, డాక్టరు మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) రాస్తే "ఆడవాళ్ళ పరీక్ష నాకెందుకు, కొవ్వు గడ్డే" అని చీటీ బీరువాలో పడేశారని రాశారు. అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను.

ముందు కంగారు పడకండి. మగవాళ్ళ ఛాతీలో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. వయసు మీద పడి హార్మోన్లు అటూ ఇటూ అయినా, కొన్ని రకాల మందులు వాడినా, తాగుడుతో లివర్ దెబ్బతిన్నా చనుమొన వెనక వాపు వస్తుంది. దాన్ని గైనకోమాస్టియా అంటారు. అది చాలామందికి రెండువైపులా ఉంటుంది, నొక్కితే నొప్పి పుడుతుంది. ఒక్కవైపే, గట్టిగా, నొప్పి లేకుండా ఉంటే మాత్రం తేల్చుకోవాల్సిందే. చనుమొన లోపలికి లాక్కుపోయినా, రక్తం కారినా, చంకలో బిళ్ళ కట్టినా ఒక్క రోజు కూడా ఆగొద్దు. మనవాళ్ళు నొప్పి ఉంటే పరిగెత్తుతారు, లేకపోతే పట్టించుకోరు. ఈ జబ్బులో ఆ లెక్క పనికిరాదు.

నా విషయం బనియన్ల దగ్గర బయటపడింది. యార్డులో పనిచేసేవాడి బనియన్ మీద ఎర్ర మరక వింతేమీ కాదు. కానీ రోజూ అదే చోట, రూపాయి బిళ్ళంత మరక ఎందుకుంటోందని మా ఆవిడకి అనుమానం వచ్చింది. మర్నాడే కొత్తపేట తీసుకెళ్ళింది. అక్కడ మొదట చూపించిన నర్సింగ్ హోమ్‌లో "చిన్న గడ్డే, కోసి తీసేస్తాం, తర్వాత టెస్టుకి పంపిద్దాం" అన్నారు. ఇది మాత్రం మీరు గట్టిగా గుర్తుపెట్టుకోండి: ముందు మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, ఆ తర్వాత సూదితో ముక్క తీసే బయాప్సీ. అది తేలాకే కత్తి. ఏమిటో తెలియకుండా కోసేస్తే తర్వాత క్యాన్సర్ డాక్టరు చేయాల్సిన ఆపరేషన్ గందరగోళమవుతుంది. మేం ఒప్పుకోకుండా వచ్చేశాం.

మామోగ్రామ్ రోజు సిగ్గుగానే ఉంటుంది, దాచడం దేనికి. పేరు పిలిచి "మేడమ్‌ని పంపండి" అన్నారు. నేను లేస్తే హాల్లో వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. మీరు ముందే ఆ సెంటర్‌కి ఫోన్ చేసి, పేషెంటు మగాయన అని చెప్పి, రద్దీ లేని టైమ్ అడగండి. సగం సమస్య అక్కడే పోతుంది. పరీక్ష కొన్ని నిమిషాల పనే. మనకి కండ తక్కువ కాబట్టి రెండు ప్లేట్ల మధ్యకి లాగి నొక్కుతారు, కాస్త నొప్పిగా ఉంటుంది. బయాప్సీకి మత్తు సూది ఇస్తారు, "టక్" మని చప్పుడు వినిపిస్తుంది, అంతే.

నాన్నగారికి ఒక మాట చెప్పండి. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ప్రతి వందమందిలో సుమారు ఒకరు మగవాళ్ళే. మనకి అక్కడ రొమ్ము భాగం తక్కువ కాబట్టి గడ్డ తొందరగా చర్మానికో, కింద కండరానికో అంటుకుంటుంది. చిన్నదిగా ఉన్నప్పుడు దొరికితే బాగా నయమవుతుంది.

నాకు ఒకవైపు చనుమొనతో సహా తీసేశారు, చంకలో గ్రంథులు కూడా తీశారు. ఆపరేషన్ అనుకున్నంత కష్టమేం కాదు. నీరు కారే ట్యూబు, సంచీతో ఇంటికొచ్చాను. అసలు పని తర్వాత చేతికి: గోడ మీద వేళ్ళు పాకిస్తూ చెయ్యి పైకెత్తే వ్యాయామం మానకూడదు. ఆ చేతికి బీపీ కట్టడం, ఇంజెక్షన్లు వద్దన్నారు. గీసుకుపోయినా చెయ్యి వాచే ప్రమాదం ఉంది, అందుకే ఇప్పుడు టిక్కీల్లో, అంటే మిర్చి బస్తాల్లో, ఆ చెయ్యి పెట్టను.

కీమోలో ఎర్ర మందు ఎక్కించినప్పుడు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, రక్తమని హడలిపోవద్దు. జుట్టు రాలితే ఎవరూ ఏమీ అనలేదు, "తిరుపతి వెళ్ళొచ్చారా" అన్నారు. మీసం కూడా పోయాక మాత్రం ఒకాయన గొంతు తగ్గించి "ఇంట్లో ఎవరు పోయారు?" అని అడిగాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రేడియేషన్‌ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, రోజూ వెళ్ళి పడుకుని రావడమే.

ఎక్కువమంది మగవాళ్ళకి ఈ క్యాన్సర్ హార్మోన్ మీద ఆధారపడేదిగా ఉంటుంది. నాదీ అంతే. అందుకు టామోక్సిఫెన్ అనే మాత్ర రోజూ ఒకటి, మామూలుగా 5 ఏళ్ళు. ధర ఎక్కువేం కాదు. ఒళ్ళంతా వేడి ఆవిర్లు వస్తాయి, జనవరిలో కూడా ఫ్యాన్ కింద కూర్చోవాల్సి వచ్చింది. మేలో అయితే గుంటూరంతా అదే స్థితి కాబట్టి తేడా తెలియలేదు. చిరాకు, కోరికలు తగ్గడం కూడా ఉంటుంది, సిగ్గుపడి మందు మానేసేవాళ్ళున్నారు. మానకుండా డాక్టరుకి చెప్పాలి. పిక్క వాచి నొప్పి పెడితే, ఆయాసం వస్తే రక్తం గడ్డ కట్టిందేమో చూపించుకోవాలి.

ఇది మీకోసం చెబుతున్నాను తల్లీ. క్యాన్సర్ అని తేలితే నాన్నగారికి బీఆర్‌సీఏ జన్యు పరీక్ష (ఈ క్యాన్సర్ వంశంలో వచ్చే రకమా అని చూసేది) చేయించమని అడగండి. ఈ క్యాన్సర్ వచ్చిన మగవాళ్ళలో బీఆర్‌సీఏ1 కంటే బీఆర్‌సీఏ2 అనే జన్యువులో తేడా ఎక్కువగా కనిపిస్తుంది, అది ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగం. ఆడపిల్లకే కాదు, మగపిల్లాడికీ. నాకు ఉందని తేలింది. ఇప్పుడు మా అమ్మాయి ఏటా పరీక్షలు చేయించుకుంటోంది. ఆపరేషన్ మాట విన్నప్పుడు లేని టెన్షన్ నాకు ఆ రిపోర్టు చూసినప్పుడు వచ్చింది.

ఖర్చు విషయానికొస్తే, ఆరోగ్యశ్రీ పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా మారినా క్యాన్సర్ వైద్యం అందులో ఉంది. కార్డుంటే ఆసుపత్రిలో ఆ డెస్కు దగ్గర ముందే అడగండి. గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రి) నాట్కో క్యాన్సర్ సెంటర్ కూడా ఉంది.

నాన్నగారితో వాదన పెట్టుకోకండి. టైమ్ తీసుకుని, ఫలానా రోజు వెళ్తున్నాం అని చెప్పండి. తోడు మగవాళ్ళుంటే బాగుంటుందనిపిస్తే మెసేజ్ పెట్టండి, బస్సెక్కి బెజవాడ రావడం నాకు కష్టం కాదు. బయాప్సీ రిపోర్టు వచ్చాక ఈఆర్, పీఆర్ (హార్మోన్ మీద ఆధారపడేదా అని చెప్పేవి), హెర్2 (ఒక ప్రోటీన్ పరీక్ష) ఏమొచ్చాయో రాయండి.