కోడ్ స్నిపెట్లు, కమాండ్ల నోట్స్ ఎలా రాసుకుంటే నిజంగా పనికొస్తాయి?

ఉద్యోగంలో చేరి ఏడాది కావస్తోంది, అవే కమాండ్లు మళ్లీ మళ్లీ వెతుక్కుంటున్నాను, రాసి పెట్టుకున్నవి అవసరానికి దొరకవు, దొరికినా ఎందుకు రాసుకున్నానో గుర్తుండదు అని మీరన్నారు. ఏఐని అడిగితే చెబుతుంది కదా, అసలు నోట్స్ అవసరమా అని కూడా అడిగారు. పదకొండేళ్లుగా బ్యాకెండ్ పని చేస్తున్నాను, నా అనుభవం చెబుతాను.

కమాండ్ ఒక్కటే రాసుకుంటే పెద్దగా ఉపయోగం ఉండదు. అది ఎక్కడ దెబ్బ కొడుతుందో దాని పక్కనే మీ మాటల్లో రాసి ఉండాలి. ఒకే ఒక్క లైన్ వల్ల రెండుసార్లు ఇబ్బంది పడ్డాక నాకు ఇది అర్థమైంది.

అప్పట్లో హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఉన్నాను. బకాయి ఉన్న కస్టమర్లకు ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున ఒక ఎస్ఎంఎస్ వెళ్లాలి, క్రాన్‌లో (చెప్పిన సమయానికి కమాండ్‌ను దానంతటదే నడిపే ప్రోగ్రామ్) పెట్టమన్నారు. నా నోట్స్ ఫైల్ తెరిస్తే 'నెలలో మొదటి ఆదివారం' అని, దాని కింద ఈ లైన్ ఉంది:

0 2 1-7 * 0

ఎప్పుడో ఎక్కడో చూసి కాపీ చేసుకున్నది. చదివితే సబబుగానే అనిపిస్తుంది: సున్నా నిమిషాలు, 2 గంటలు, 1 నుంచి 7 లోపు తేదీ, ఏ నెలైనా సరే, ఆదివారం. మొదటి ఏడు రోజుల్లో ఆదివారం ఒక్కటే వస్తుంది కదా అని అలాగే పెట్టేశాను.

ఆ నెల 1వ తేదీ బుధవారం. బుధవారం పొద్దున్నే అందరికీ మెసేజ్ వెళ్లింది. గురువారం మళ్లీ వెళ్లింది. సపోర్ట్‌లో ఫోన్లు తీసే అమ్మాయి నా సీటు దగ్గరకొచ్చి, "జీతం పడగానే కడతానని నిన్ననే చెప్పాను కదమ్మా, రోజూ ఇలా పంపిస్తే ఎలా అని ఒక పెద్దాయన చాలా బాధపడ్డారండీ" అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

తప్పు ఎక్కడుందంటే, క్రాన్‌లో తేదీ గడి, వారం గడి రెండూ నింపితే, రెండూ కలిసిన రోజున మాత్రమే నడుస్తుందని మనం అనుకుంటాం. అది మాత్రం ఏ ఒక్కటి కలిసినా నడుస్తుంది. అంటే 1 నుంచి 7 వరకు ప్రతి రోజూ, ఆపైన నెలలో ప్రతి ఆదివారమూ. క్రాన్‌ట్యాబ్ మాన్యువల్‌లో ఇది స్పష్టంగానే రాసి ఉంది, నేను చదవలేదు. లైన్‌ను 0 2 * * 0 గా మార్చి, తేదీ 7 దాటిందా లేదా అనేది స్క్రిప్ట్‌లో చూసేలా పెట్టాను. నోట్స్‌లో కూడా సరిదిద్దాను.

ఆరు నెలల తర్వాత సర్వర్ మారింది. పాత సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉండేది, కాబట్టి అక్కడ 2 గంటలంటే మనకు పొద్దున 7:30. కొత్త సర్వర్‌ను ఐఎస్‌టీలో, అంటే మన భారత సమయంలో పెట్టారు. నోట్స్‌లో సరిదిద్దిన లైన్ ఉంది కదా అన్న ధీమాతో అదే తీసుకెళ్లి అతికించాను. ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు జనం ఫోన్లలో బకాయి మెసేజ్ మోగింది. 2 అని ఎందుకు రాశానో నోట్స్‌లో ఒక్క ముక్క ఉంటే ఆగి ఆలోచించేవాణ్ని.

ఇప్పుడు ఆ ఎంట్రీ నా ఫైల్‌లో ఇలా ఉంది, ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

"క్రాన్, నెలలో మొదటి ఆదివారం. 0 2 * * 0 పెట్టి, తేదీ 7 లోపేనా అన్నది స్క్రిప్ట్‌లో చూడు. తేదీ, వారం రెండూ నింపొద్దు, ఏది కలిసినా నడుస్తుంది (కస్టమర్లకు రోజూ మెసేజ్ వెళ్లింది). తేదీ చెకింగ్ క్రాన్ లైన్‌లోనే పెడితే డేట్ కమాండ్‌లో వచ్చే శాతం గుర్తు (%) ముందు బ్యాక్‌స్లాష్ ఉండాలి, లేకపోతే దాన్ని కొత్త లైన్‌గా తీసుకుంటుంది. ముందు సర్వర్ టైమ్‌జోన్ చూడు: యూటీసీలో 2 అంటే మనకు 7:30."

కమాండ్ కన్నా చుట్టూ ఉన్న మాటలే ఎక్కువ. జాగ్రత్తలు తెలుగులోనే రాసుకుంటాను, అర్ధరాత్రి టెన్షన్‌లో చదివినా వెంటనే తలకెక్కుతాయి. ఎర్రర్ మెసేజ్‌ను మాత్రం స్క్రీన్ మీద ఎలా వచ్చిందో అక్షరం మార్చకుండా అతికిస్తాను. రేపు మళ్లీ అదే ఎర్రర్ వస్తే దాన్నే కాపీ చేసి నా ఫైల్‌లో వెతుకుతాను కాబట్టి, నా సొంత మాటల్లో రాస్తే దొరకదు.

వెర్షన్ కూడా రాయండి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో 'యూటీఎఫ్8' అని పేరున్న క్యారెక్టర్ సెట్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) నిజానికి ఒక్కో క్యారెక్టర్‌కు 3 బైట్ల వరకే పట్టుకుంటుంది. తెలుగు అక్షరాలు, గుణింతపు గుర్తులు యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి 3 బైట్లే, కాబట్టి తెలుగు పేర్లు హాయిగా సేవ్ అవుతాయి. టెస్టింగ్‌లో అంతా బాగుంటుంది. ఎవరైనా పేరు చివర దండం పెట్టే ఎమోజీ పెట్టారంటే అది 4 బైట్లు, అక్కడ 'ఇన్‌కరెక్ట్ స్ట్రింగ్ వాల్యూ' అని ఆగిపోతుంది. కావలసింది 'యూటీఎఫ్8ఎంబీ4', అది 2010లో 5.5.3తో వచ్చింది, 8.0 నుంచి డిఫాల్ట్ అదే. టేబుల్ మార్చి కనెక్షన్ సెట్టింగ్ మార్చకపోతే ఎర్రర్ పోదు, నాకు ఒక సాయంత్రం పట్టింది అది కనుక్కోవడానికి. ఏ వెర్షన్‌లో చూశారో రాసి లేకపోతే ఈ నోట్ అంతా ఐదేళ్ల తర్వాత గందరగోళమే.

ఇంకో రెండు చెబుతాను. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌లో సోర్స్ ఫోల్డర్ పేరు చివర స్లాష్ (/) పెడితే లోపలి ఫైళ్లు వెళతాయి, పెట్టకపోతే ఫోల్డరే వెళ్లి కూర్చుంటుంది. దీనికి డిలీట్ ఆప్షన్ తోడైతే గమ్యంలో ఏం మిగులుతుందో చెప్పలేం. అందుకే నా నోట్‌లో మొదటి కమాండ్ డ్రై రన్‌తోనే (ఏదీ మార్చకుండా ఏం జరగబోతోందో మాత్రం చూపించేది) ఉంటుంది, అసలుది దాని కింద. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో హార్డ్ రీసెట్ చేసి కమిట్లు (సేవ్ చేసిన మార్పులు) పోయాయని కంగారు పడితే 'గిట్ రెఫ్‌లాగ్' (git reflog) చూడండి. ఏ బ్రాంచికీ అందని కమిట్ల ఎంట్రీలు డిఫాల్ట్‌గా 30 రోజులు ఉంటాయి. అసలు కమిట్ చేయని మార్పులు మాత్రం అందులో దొరకవు, ఆ మాట నా నోట్‌లో పెద్ద అక్షరాల్లో ఉంది.

ఎక్కడ దాచాలన్నది మీరు అనుకున్నంత పెద్ద విషయం కాదు. నేను మూడు యాప్‌లు మార్చాను, ట్యాగులు, ఫోల్డర్లు సర్దడానికే సమయం పోయింది. ఇప్పుడు ఒకే టెక్స్ట్ ఫైల్, ప్రైవేట్ గిట్ రిపోలో. గ్రెప్ (ఫైల్‌లో మాట వెతికే కమాండ్) చేస్తే క్షణంలో దొరుకుతుంది. పాస్‌వర్డ్‌లు, టోకెన్లు, కస్టమర్ డేటా, కంపెనీ కోడ్ అందులోకి అస్సలు రానివ్వకండి. సర్వర్ పేరు ఉన్న చోట ఉత్తుత్తి పేరు పెట్టండి.

ఏఐ సంగతి. నేనూ రోజూ వాడతాను. తెలియని ఆప్షన్ల అర్థం అడగడానికి, కొత్త స్క్రిప్ట్ మొదలుపెట్టడానికి చాలా బాగుంది. కానీ మీ సర్వర్ గడియారం యూటీసీలో ఉందని, మీ టేబుల్ ఇంకా పాత క్యారెక్టర్ సెట్‌లోనే ఉందని మీరు చెబితే తప్ప దానికి తెలియదు. ఆ సంగతులు మీకు గుర్తుండాలంటే ఎక్కడో రాసి ఉండాలి. నేను ఆ ఎంట్రీనే తీసుకెళ్లి దానికి ఇచ్చి అడుగుతాను, అప్పుడు వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

ఈ వారంలో మీరు రెండుసార్లు వెతికిన కమాండ్ ఒకటి తీసుకోండి. అది ఎందుకు కావలసి వచ్చింది, ఎక్కడ తేడా కొట్టింది, ఏ వెర్షన్, ఏ తేదీ, ఇవన్నీ కలిపి నాలుగు వాక్యాలు రాయండి. రాశాక ఇక్కడ పెట్టండి, చూసి నాకు తోచింది చెబుతాను.