పాత లాప్‌టాప్‌లో మొదటిసారి లినక్స్: ఏది ఎంచుకోవాలి, ఉన్న ఫైళ్లు పోకుండా ఎలా వేసుకోవాలి

మీ అన్నగారు ఇచ్చిన 2016 నాటి లాప్‌టాప్‌లో ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్ ఉన్నాయని రాశారు. విండోస్ 10కు గడువు తీరిపోయింది, విండోస్ 11 ఎక్కడం లేదు, అందుకే దాని స్థానంలో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవాలనుకుంటున్నారు. ఏ లినక్స్ మంచిది, డీ డ్రైవులోని ఫైళ్లు మిగులుతాయా, కమాండ్లు రాకుండా వాడుకోగలమా అన్న మూడు సందేహాలు అడిగారు. దేవరకొండలో బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతున్నామని కూడా చెప్పారు కాబట్టి మీ చదువుకు సంబంధించిన ఒకటి రెండు విషయాలు నేనే కలిపి రాస్తున్నాను. నేను నల్లగొండలో ఉంటూ ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. 2016 నుంచి లినక్స్ వాడుతున్నాను. ఇంట్లోవి, బంధువులవి, పాఠశాలవి కలిపి ఇరవైకి పైగా కంప్యూటర్లలో స్వయంగా వేశాను.

మీ రెండో ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే నేను నష్టపోయింది అక్కడే. మొదటిసారి ఉబుంటు 16.04 (లినక్స్‌లో ఒక రకం) వేస్తున్నప్పుడు, డిస్కును చెరిపి ఇన్‌స్టాల్ చేయమంటారా అని అడిగే 'ఎరేజ్ డిస్క్' అన్న ఎంపిక కనిపించింది. డిస్క్ అంటే విండోస్ ఉన్న సీ డ్రైవు మాత్రమేనని, నా ఫైళ్లన్నీ డీ, ఈ డ్రైవుల్లో భద్రంగా ఉన్నాయని నమ్మి దాన్నే నొక్కాను. సీ, డీ, ఈ అని మనకు మూడు డ్రైవులు కనిపించినా లోపల ఉన్నది ఒకే డిస్కు; దాన్ని మూడు భాగాలుగా పంచి విండోస్ వాటికి ఆ అక్షరాలు తగిలించింది, అంతే. లినక్స్ ఇన్‌స్టాలర్‌కు ఆ అక్షరాలతో పని లేదు, అది డిస్కు అంటే మొత్తం డిస్కునే చూస్తుంది. మా నాన్నగారి పట్టాదారు పాసు పుస్తకం, పహాణీల స్కాన్ కాపీలు పోయాయి, వాటిని మళ్లీ తీయించుకున్నాను. పెళ్లి ఫొటోలు బంధువుల దగ్గర దొరికాయి. మా నాయనమ్మ పాడగా ఫోనులో రికార్డు చేసి దాచిన బతుకమ్మ పాటలు మాత్రం దొరకలేదు, అప్పటికే ఆమె లేరు. అందుకే ఈ విషయం దగ్గర కొంత ఎక్కువసేపు నిలబడి చెబుతున్నాను.

మీకు నేను చెప్పే మార్గం ఇది: పాత హార్డ్‌డిస్కును అసలు ముట్టుకోకండి. దాన్ని లాప్‌టాప్‌లోంచి తీయించి, దాని స్థానంలో 240 లేదా 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్కు) ఒకటి పెట్టించి, లినక్స్ దాని మీద వేయండి. ఆ కాలపు లాప్‌టాప్‌లలో ఉండే 2.5 అంగుళాల డిస్కు స్థానంలో అదే కొలత ఎస్ఎస్‌డీ సరిగ్గా కూర్చుంటుంది. కొన్ని మోడళ్లలో వెనుక చిన్న మూత తీస్తే చాలు, మరికొన్నింటిలో అడుగు భాగం మొత్తం విప్పాలి కాబట్టి అలవాటు లేకపోతే రిపేరు షాపుకు ఇవ్వడమే మేలు. ఇచ్చేటప్పుడు ఎస్ఎస్‌డీ బిగించి ఇస్తే చాలని, విండోస్ వేయవద్దని, పాత డిస్కు తిరిగి ఇవ్వాలని స్పష్టంగా చెప్పండి. ఈ పద్ధతిలో ఇన్‌స్టాలర్ ఏ తప్పు ప్రశ్న అడిగినా, మీరు ఏ తప్పు జవాబు నొక్కినా పోయేది ఖాళీ ఎస్ఎస్‌డీయే. విండోస్, మీ అన్నగారి ఫైళ్లు అన్నీ ఆ పాత డిస్కులో ఉన్నవి ఉన్నట్టే అల్మారాలో ఉంటాయి. పైగా మీ లాప్‌టాప్ నెమ్మదిగా ఉండటానికి ప్రాసెసర్ కంటే ఆ తిరిగే హార్డ్‌డిస్కే పెద్ద కారణం. అది మారితే కలిగే తేడా, ఏ లినక్స్ ఎంచుకున్నారన్న దానివల్ల కలిగే తేడా కంటే చాలా ఎక్కువ.

ఎస్ఎస్‌డీ ఇప్పుడే కొనలేకపోతే విండోస్ పక్కనే లినక్స్ వేసుకోవచ్చు, కానీ అందులో జాగ్రత్తలు ఎక్కువ. ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకుని, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో చూసుకోవాలి. విండోస్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' ఆపివేయాలి, లేకపోతే విండోస్ పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉండి, లినక్స్ నుంచి ఆ డ్రైవుల్లో ఏమీ రాయనివ్వదు. డిస్కుకు తాళం వేసే విండోస్ సౌకర్యమైన బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఇంకొకటి మన ప్రాంతంలో తరచుగా ఎదురవుతుంది. షాపులో ఎప్పుడో విండోస్ తిరగవేయించి ఉంటే అది పాత పద్ధతి అయిన లెగసీ బయోస్ మోడ్‌లో ఉండవచ్చు. విండోస్‌లో 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్' తెరిస్తే బయోస్ మోడ్ అన్న వరుసలో లెగసీ అనో, కొత్త పద్ధతి అయిన యూఈఎఫ్ఐ అనో ఉంటుంది. విండోస్ ఏ మోడ్‌లో ఉంటే లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవును కూడా అదే మోడ్‌లో బూట్ చేయాలి (అంటే దాని నుంచి కంప్యూటర్‌ను తెరవాలి), లేకపోతే రెండూ ఒకదాన్నొకటి గుర్తించక ఏదో ఒకటే తెరుచుకుంటుంది. రెండూ కుదిరాక గడియారం ఐదున్నర గంటలు తేడా చూపిస్తే కంగారు పడకండి. లినక్స్ కంప్యూటర్ గడియారాన్ని ప్రపంచ సమయంగా చదువుతుంది, విండోస్ మన సమయంగా చదువుతుంది. లినక్స్‌ను స్థానిక సమయానికి మార్చుకునే వీలుంది.

ఇక ఏది ఎంచుకోవాలన్న ప్రశ్న. మీ లాప్‌టాప్‌కు నా సలహా లినక్స్ మింట్, అందులో తేలికైన డెస్క్‌టాప్ ఉండే ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్. లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రకటించిన లినక్స్ నిజానికి కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి మూల భాగం మాత్రమే. దానికి డెస్క్‌టాప్, బ్రౌజర్, ఇన్‌స్టాలర్ వంటివన్నీ జోడించి ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా అందిస్తారు, వాటినే డిస్ట్రోలు అంటారు. 1993లో మొదలైన డెబియన్ మీద ఆధారపడి 2004లో ఉబుంటు వచ్చింది, ఉబుంటు మీద ఆధారపడి 2006లో మింట్ వచ్చింది. ఈ వంశవృక్షం తెలిసి ఉండటం వల్ల ఒక ఉపయోగం ఉంది: ఉబుంటు వాడేవారికి వచ్చిన సమస్యకు దొరికే పరిష్కారం చాలాసార్లు మింట్‌కూ పనిచేస్తుంది, అంటే మీకు సహాయం వెతుక్కునే చోటు ఎంతో విశాలమవుతుంది. ఉబుంటు 24.04 మీద కట్టిన మింట్ 22 వరుసకు 2029 వరకు భద్రతా సవరణలు వస్తాయి, కాబట్టి మీ డిగ్రీ పూర్తయ్యేవరకు మళ్లీ మార్చవలసిన అవసరం రాదు. మింట్‌కు కనీసం 2 జీబీ ర్యామ్, హాయిగా నడవడానికి 4 జీబీ కావాలని దాన్ని తయారు చేసేవారే చెబుతారు. అయితే 4 జీబీలో ఎక్కువ భాగాన్ని మింగేది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు, బ్రౌజర్. పది ట్యాబులు తెరిస్తే ఏ లినక్స్ అయినా మొరాయిస్తుంది. ర్యామ్‌కు రెండో స్లాటు ఖాళీగా ఉంటే ఎస్ఎస్‌డీ పెట్టించేటప్పుడే మరో 4 జీబీ వేయించండి.

యూట్యూబ్ వీడియోలు చూసి కాలీ లినక్స్ వేసుకుందామని మా దగ్గరకు వచ్చే ఇంటర్, డిగ్రీ పిల్లలు చాలామంది. అది నెట్‌వర్కుల భద్రతను పరీక్షించే నిపుణుల కోసం తయారైన పనిముట్ల పెట్టె. రోజువారీ చదువుకు, కొత్తవారికి అది తగదని దాన్ని రూపొందించినవారే తమ పత్రాల్లో రాశారు. ఆ రంగం మీద ఆసక్తి ఉంటే ముందు మింట్‌లో ఏడాది గడపండి.

ఇప్పుడు వేసే క్రమం. పాత డిస్కు ఇంకా లాప్‌టాప్‌లో ఉండగానే, విండోస్ నుంచే మొదటి పని పూర్తి చేసుకోవాలి. మింట్ అధికారిక సైటు నుంచి దించుకునే ఐఎస్ఓ ఫైలు (మింట్ మొత్తం ఇమిడి ఉండే ఒకే ఫైలు) సుమారు 3 జీబీ ఉంటుంది. ఫోను హాట్‌స్పాట్ మీద రోజుకు 1.5 జీబీ వచ్చే ప్లాన్ అయితే అది ఒక్క రోజులో దిగదు, బ్రౌజర్‌లో సగంలో ఆగితే మళ్లీ మొదటికి వచ్చే ప్రమాదం ఉంది. ఆ సైటులోనే టొరెంట్ లింకు ఉంటుంది, అది ఆగిన చోటు నుంచి కొనసాగుతుంది, దిగిన ప్రతి ముక్కనూ తనే సరిచూసుకుంటుంది. ఫైబర్ కనెక్షన్ ఉన్న మిత్రుల ఇంట్లో దించుకుంటే ఇంకా మంచిది. తర్వాత కనీసం 8 జీబీ పెన్‌డ్రైవులోకి రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఆ ఐఎస్ఓను ఎక్కించాలి. పెన్‌డ్రైవులో అంతకుముందు ఉన్నవన్నీ పోతాయి. రూఫస్‌లోనే ఐఎస్ఓ పేరు పక్కన ఉండే టిక్కు బొత్తాం నొక్కితే ఎస్‌హెచ్‌ఏ-256 అనే పొడవైన సంఖ్య కనిపిస్తుంది. మింట్ సైటులో ఇచ్చిన సంఖ్యతో అది అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఈ రెండు నిమిషాల పని మానేసి, చెడిన ఫైలుతో ఒక మధ్యాహ్నమంతా వృథా చేసుకున్నవారిని చూశాను.

లాప్‌టాప్ ఆన్ చేయగానే బూట్ మెనూ కోసం డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ తర్వాత ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్ నొక్కాలి. అక్కడ పెన్‌డ్రైవును ఎంచుకుంటే మింట్ ఏమీ ఇన్‌స్టాల్ కాకుండానే తెరుచుకుంటుంది. దీన్ని లైవ్ సెషన్ అంటారు. ఇది కేవలం ఇన్‌స్టాలర్‌కు దారి అనుకుని చాలామంది వెంటనే ముందుకు వెళ్లిపోతారు, నేను మాత్రం రెండు మూడు రోజులు ఇక్కడే ఉండమంటాను. వైఫై, శబ్దం, కెమెరా, టచ్‌ప్యాడ్, తెర వెలుతురు తగ్గడం, మూత మూసి తెరిస్తే తిరిగి మేల్కోవడం, మీ ఇంట్లో ప్రింటరు ఉంటే దాని పని, అన్నీ ఇక్కడే చూసుకోవచ్చు. వేగాన్ని మాత్రం ఇక్కడ అంచనా వేయకండి, పెన్‌డ్రైవు నుంచి నడిచేది నెమ్మదిగానే ఉంటుంది. మా బావమరిది లాప్‌టాప్‌లో వైఫై కనిపించలేదు. ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయగానే ఇంటర్నెట్ వచ్చింది, ఇన్‌స్టాల్ అయ్యాక 'డ్రైవర్ మేనేజర్' తెరిస్తే కావలసిన డ్రైవరును అదే చూపించింది. ప్రింటర్ల విషయంలో హెచ్‌పీవి ఎక్కువగా ఇబ్బంది లేకుండా పనిచేస్తాయి, కొన్ని పాత లేజర్ ప్రింటర్లు మాత్రం ఎంతకీ లొంగవు.

లైవ్ సెషన్ సంతృప్తిగా ఉంటే అప్పుడు ఎస్ఎస్‌డీ పెట్టించి, మళ్లీ పెన్‌డ్రైవు నుంచే తెరిచి, డెస్క్‌టాప్ మీద ఉన్న ఇన్‌స్టాల్ గుర్తు నొక్కండి. భాష, కీబోర్డు, పాటలు, వీడియోలు నడవడానికి కావలసిన మల్టీమీడియా కోడెక్‌లు (వీటికి టిక్కు పెట్టండి), కోల్‌కతా సమయం, మీ పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. నాకు అంత నష్టం చేసిన 'ఎరేజ్ డిస్క్' ఎంపికను లోపల ఖాళీ ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉన్నప్పుడు నిశ్చింతగా నొక్కవచ్చు. బ్యాటరీ నిలవని లాప్‌టాప్ అయితే ఈదురుగాలి, వాన ఉన్న సాయంత్రాల్లో ఈ పని పెట్టుకోకండి, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఎస్ఎస్‌డీ మీద సాధారణంగా అరగంటలోపే ముగుస్తుంది. తర్వాత 'అప్‌డేట్ మేనేజర్'తో సవరణలన్నీ వేసుకుని, 'టైమ్‌షిఫ్ట్' అనే ప్రోగ్రాంలో ఒక స్నాప్‌షాట్ తీసి పెట్టుకోండి. ఏ ప్రయోగం వికటించినా సిస్టమ్‌ను ఆ స్థితికి తిప్పవచ్చు. అది సాధారణంగా సిస్టమ్ ఫైళ్లనే కాపాడుతుంది, మీ ఫొటోలు, రికార్డులు వేరుగా కాపీ చేసుకోవలసిందే.

కమాండ్ల గురించి భయం అక్కరలేదు. ప్రోగ్రాంలు వేసుకోవడం, తీసేయడం, అప్‌డేట్లు అన్నీ మౌసుతోనే జరుగుతాయి. మా ఆవిడ నాలుగేళ్లుగా మింట్ వాడుతున్నారు, ఇంతవరకు కమాండ్లు టైపు చేసే టర్మినల్ తెరవలేదు. మీరు కంప్యూటర్స్ విద్యార్థులు కాబట్టి నేర్చుకుంటే లాభమే, కానీ అర్థం కాని కమాండును, ముఖ్యంగా సిస్టమ్ మీద పూర్తి అధికారం ఇచ్చే సుడో అనే మాటతో మొదలయ్యేదాన్ని ఎక్కడి నుంచో తెచ్చి అతికించకండి.

మీ చదువుకు సంబంధించి ఒక హెచ్చరిక ఉంది. పైథాన్ సిద్ధంగానే ఉంటుంది, సీ కోసం జీసీసీ కంపైలర్, ఇంకా జావా, మైఎస్‌క్యూఎల్ సులభంగా వస్తాయి. అయితే మన డిగ్రీ కళాశాలల ల్యాబుల్లో చాలాచోట్ల ఇప్పటికీ టర్బో సీ మీదే ప్రోగ్రాంలు రాయిస్తున్నారు. రికార్డులో ఉండే కోనియో హెడర్, క్లియర్‌స్క్రీన్ ఫంక్షన్ జీసీసీలో ఉండవు, ఆ వరుసలు తీసివేస్తే చాలా ప్రోగ్రాంలు నడుస్తాయి. పరీక్ష కోసం అచ్చంగా టర్బో సీయే కావాలంటే, పాత డాస్ ప్రోగ్రాంలను నడిపే డాస్‌బాక్స్‌లో నడుపుకోవచ్చు. ట్యాలీకి, మైక్రోసాఫ్ట్ ఆఫీసుకు లినక్స్ రూపం లేదు. లిబ్రేఆఫీసు వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తుంది, కానీ పేజీ అమరిక అక్కడక్కడా మారుతుంది కాబట్టి ప్రాజెక్టు రిపోర్టును పీడీఎఫ్‌గా మార్చి ఇవ్వండి. తెలుగు టైపింగ్‌కు కీబోర్డు సెట్టింగుల్లోనే తెలుగు లేఅవుటు ఉంటుంది. ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ ప్రోగ్రాంలు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో పాటు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ కూడా వస్తుంది. ప్రింటింగ్ షాపుల్లో వాడే అను ఫాంట్లలో రాసిన ఫైళ్లు మాత్రం యూనికోడ్‌వి కావు, ఇక్కడ తెరిస్తే అర్థం కాని గుర్తులుగా కనిపిస్తాయి. ఎవరైనా అటువంటి డీటీపీ పనిమీద బతుకుతుంటే నేను విండోస్ తీసేయమని చెప్పను. సాయం కావాలంటే హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద, తెలుగీకరణ మీద చాలాకాలంగా పనిచేస్తున్నారు, కళాశాల విద్యార్థులకు శిక్షణ శిబిరాలు కూడా నడుపుతారు.

లినక్స్ కుదురుకున్నాక పాత డిస్కును వెంటనే చెరిపి వాడుకోవాలనిపిస్తుంది. కనీసం ఏడాది అలాగే ఉంచండి. యూఎస్‌బీ కేసింగ్ ఒకటి కొని అందులో పెడితే మింట్ దాన్ని పెన్‌డ్రైవులాగే తెరుస్తుంది, మీ డీ డ్రైవు ఫైళ్లన్నీ అక్కడే కనిపిస్తాయి. మా ఆవిడ లాప్‌టాప్ మార్చిన ఎనిమిది నెలలకు ఇంటి నిర్మాణ అనుమతి కాగితం అవసరమైంది. అది ఎక్కడా కాపీ చేయని ఒక ఫోల్డరులో, అల్మారాలో పెట్టిన ఆ పాత డిస్కులో దొరికింది.